తెల్లవారి పోసిన పాలు నిన్న సాయంత్రం లెక్కలోకి: గడియారం లేని బోర్డుకు బూట్‌లోనే సరైన టైమ్ పెట్టిన ఒక కేసు

నేపథ్యం

పాల సేకరణ కేంద్రాల్లో పెట్టే చిన్న కంప్యూటర్లను, వాటి నెట్‌వర్కును చూసుకోవడం నా పని. ఈ కేసు ఒక డెయిరీకి చెందిన 40 పైచిలుకు కేంద్రాలది. ఊళ్ల పేర్లు, డెయిరీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. సమస్య ఏమిటి, దాన్ని ఎలా వెతికాం, ఏం మార్చాం అన్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. బ్యాటరీ గడియారం లేని బోర్డుల మీద డబ్బు లెక్కలు నడిపేవాళ్లందరికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ఒక్కో కేంద్రంలో ఒక తూకం, ఒక పాల అనలైజర్, ఒక స్లిప్ ప్రింటర్ ఉంటాయి. ఈ మూడింటినీ కలిపేది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఒక రాస్‌బెరీ పై బోర్డు. దానికి గుచ్చిన 4జీ డాంగిలే దాని ఇంటర్నెట్. రైతు క్యాన్ తెచ్చి పాలు పోస్తే తూకం నుంచి లీటర్లు, అనలైజర్ నుంచి ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని మిగతా ఘనపదార్థాల శాతం) వస్తాయి. బోర్డు రేటు చార్టు చూసి డబ్బు లెక్క కట్టి స్లిప్ కొడుతుంది. ఉదయం పూట అయిదున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం పూట మళ్లీ అయిదున్నర నుంచి ఎనిమిది దాకా పాలు పోస్తారు. 10 రోజులకోసారి బిల్లు.

మన ఇళ్లలోని డెస్క్‌టాప్ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. కరెంటు పోయినా లోపలి గడియారాన్ని నడిపేది అదే. రాస్‌బెరీ పైలో 4వ తరం దాకా ఆ గడియారమే లేదు. 5వ తరంలో గడియారం సర్క్యూట్ పెట్టారు కానీ బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. మా కేంద్రాల్లో ఉన్నవన్నీ పాత తరానివి. కరెంటు పోతే వాటికి టైమ్ కూడా పోతుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకొక్క విషయం. సాయంత్రం పూట అయ్యాక ఈ కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసేవాళ్లు ఎవరూ లేరు. స్విచ్ కట్టేసి, తాళం వేసుకుని వెళ్లిపోతారు. ఇందులో సెక్రటరీల తప్పు లేదు, షట్‌డౌన్ చేయమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సమస్య ఎలా బయటపడింది

బిల్లు రోజున నేను ఒక కేంద్రంలో ప్రింటర్ మారుస్తున్నాను. ఒకామె వచ్చి, తన బిల్లులో ఒక పూట పాలు లేవని చెప్పింది. సెక్రటరీ స్క్రీన్ చూసి, "14 సాయంత్రం ఒకటే ఎంట్రీ ఉందమ్మా, 15 పొద్దున నువ్వు పోయలేదు" అన్నాడు.

"పోయకపోతే నాకు చీటీ ఎట్లా ఇచ్చినవు బాబూ?" అంటూ ఆమె కొంగుకు కట్టుకున్న ప్లాస్టిక్ కవర్ విప్పింది. లోపల ఆ 10 రోజుల స్లిప్పులన్నీ వరసగా మడిచి ఉన్నాయి. రెండు తీసి బల్ల మీద పెట్టింది. రెండింటి మీదా 14వ తేదీయే, రెండింటి మీదా సాయంత్రం పూటే. ఒకటి 6.52కు 4.2 లీటర్లు, ఇంకొకటి 7.31కి 5.6 లీటర్లు.

"ఈ రెండోది 15 పొద్దున్నే పోసింది. చీకటి ఉండంగనే వచ్చిన" అంది.

అన్ని కేంద్రాల లెక్కలూ చేరే మా సర్వర్‌లో 5.6 లీటర్ల ఎంట్రీ ఒక్కటే ఉంది. 4.2 లీటర్లది లేదు. అంటే సెక్రటరీ అనుకున్నట్టు లెక్కలోంచి పోయింది పొద్దుటి పాలు కాదు, ముందురోజు సాయంత్రం పాలు. అప్పుడు నాకు ఇది టైమ్ సమస్య అని తట్టలేదు. డూప్లికేట్ ఎంట్రీల లాజిక్‌లో ఏదో ఉందనుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక రైతు కోడ్, ఒక తేదీ, ఒక పూట, ఈ మూడూ కలిస్తే ఒకే ఎంట్రీ. రెండోసారి అదే రైతు, అదే తేదీ, అదే పూట వస్తే మొదటిది పొరపాటున కొట్టారనుకుని, దాన్ని తీసేసి రెండోది పెడుతుంది. తూకం తప్పు పడినప్పుడు సరిదిద్దుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. పని కూడా సరిగ్గానే చేస్తోంది. దానికి అందుతున్న తేదీ, పూట తప్పు.

దారి చూపింది స్లిప్ మీది వరస నంబరు. మొదటి స్లిప్ 311, రెండోది 347. నలభై నిమిషాల తేడాలో 36 మంది పాలు పోయడం ఆ కేంద్రంలో జరగదు. ఒక పూట మొత్తానికి వచ్చేదే ముప్పై చిల్లర మంది. 320 దగ్గర్నుంచి ప్రింటర్ లాగ్ తీసి చూశాను. 326 దాకా గంట సక్రమంగానే నడిచింది. 326 మీద 7.54 ఉంది. దాని తర్వాత 327 మీద 7.19. టైమ్ వెనక్కి వెళ్లింది.

పద్దెనిమిదో నిమిషం

ఆ రాత్రి మిగతా కేంద్రాల లాగ్‌లు కూడా తెప్పించి, బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ పాల ప్రోగ్రామ్ ఏ టైమ్‌కు మొదలైందో ఒక వరసలో రాసుకున్నాను. సరిగ్గా ఉన్న రోజులు వదిలేస్తే, తప్పు టైమ్‌తో మొదలైన రోజులన్నీ ఇలా ఉన్నాయి: 7.18, 7.18, 6.18, 7.18, 8.18, 7.18. గంట మారుతోంది, నిమిషం మాత్రం మారడం లేదు. ఎక్కడో ఊరి కరెంటు పోయే టైమ్‌కు, సెక్రటరీ స్విచ్ కట్టే టైమ్‌కు ఇలాంటి క్రమం ఉండదు. ఇది యంత్రం పెట్టిన ముద్ర.

గడియారం లేని ఇలాంటి బోర్డుల కోసం, లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ కుటుంబంలో ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే చిన్న ఏర్పాటు ఉంది. అది చేసే పని ఇంతే: గంటకోసారి, షట్‌డౌన్ చేసినప్పుడు ఒకసారి అప్పటి టైమ్‌ను ఒక ఫైల్‌లో రాసి పెడుతుంది. మళ్లీ ఆన్ అయినప్పుడు ఆ ఫైల్‌లో ఉన్న టైమ్‌నే గడియారానికి పెట్టేస్తుంది. గంటకోసారి చేయాల్సిన పనులను డెబియన్‌లో క్రాన్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టేది ప్రతి గంటా 17వ నిమిషానికి. షట్‌డౌన్ లేకుండా స్విచ్ కట్టేస్తున్నారు కాబట్టి చివరిసారి ఫైల్‌లో పడింది 7.17. పొద్దున అయిదుంపావుకు ఆన్ చేస్తే బోర్డు దృష్టిలో అది ముందురోజు సాయంత్రం 7.17. బూట్ అయ్యి ప్రోగ్రామ్ లేచేసరికి 7.18.

ఇక్కడ నేను కాసేపు ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఆ ఏర్పాటే లేకపోతే బోర్డు ఏ పాత సంవత్సరాన్నో చూపించేది. మొదటి స్లిప్ చూడగానే ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్లు. గడియారం మరీ వెనక్కి పోకుండా ఆపడానికి పెట్టిన ఫైల్, తప్పును నమ్మేలా తయారుచేసింది. నిన్నటి తేదీని, సాయంత్రం ఏడు గంటలను స్లిప్ మీద చూసి అనుమానపడేది ఎవరు? తెల్లవారుజామున ఆ చిన్న అక్షరాలు చదివేది ఎవరు? నెలల తరబడి ఇది నడిచిందంటే కారణం అదే. ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్‌ను తప్పుపట్టడం లేదు. అది ఇచ్చేది ఒక అంచనా మాత్రమే. దాన్ని నిజం టైమ్‌గా తీసుకున్నది మా ప్రోగ్రామ్.

టైమ్ ఎందుకు సరికావడం లేదు

నెట్‌వర్క్ మీద టైమ్ తెచ్చుకునే ఏర్పాటు అసలు లేకపోలేదు. ముందు ఈ బోర్డులను తయారుచేసినవాళ్లు, బూట్ చివర్లో నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైల్‌లో ఎన్‌టీపీడేట్ కమాండ్ ఒకటి పెట్టారు. నెట్‌లో టైమ్ చెప్పే సర్వర్‌ను ఒక్కసారి అడుగుతుంది, వచ్చిన టైమ్ పెడుతుంది, అయిపోతుంది. ఆ లైన్ చివర్లో ఎర్రర్లన్నీ పారబోసేలా కూడా రాసి ఉంది. అందుకే లాగ్‌లో ఏమీ కనిపించలేదు.

ఆ పారబోసే ముక్క తీసేసి, కేంద్రంలోనే కూర్చుని పదిసార్లు స్విచ్ వేసి తీసి చూశాను. ఏడుసార్లు వచ్చిన ఎర్రర్ ఒకటే: టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్. అంటే సర్వర్ దాకా వెళ్లడం మాట అటుంచి, సర్వర్ పేరును అడ్రస్‌గా మార్చుకోవడం కూడా కుదరలేదు. స్విచ్ వేసిన 20 సెకండ్లకల్లా ఆర్‌సీ.లోకల్ నడుస్తోంది. డాంగిల్ టవర్‌ను పట్టుకుని అడ్రస్ తెచ్చుకునేసరికి 35 సెకండ్ల నుంచి ఒక్కోసారి నిమిషం దాటుతోంది. డాంగిల్ త్వరగా లేచిన రోజున టైమ్ సరిపోతోంది, లేవని రోజున ఆ ఒక్క ప్రయత్నం వృథా అయి మళ్లీ ఎవరూ అడగడం లేదు. మా ఆఫీసులో బోర్డును కేబుల్ నెట్‌కు పెట్టి పరీక్షించినప్పుడల్లా సరిగ్గా వచ్చేది. ఆఫీసు టెస్ట్‌ను ఎంత నమ్మాలో ఆ రోజు తెలిసింది.

చేసి చూసినవి, కుదరనివి

మొదట చేసింది అందరూ చేసేదే. ఎన్‌టీపీడేట్‌కు ముందు 60 సెకండ్లు ఆగమని పెట్టాం. తప్పులు తగ్గాయి కానీ పోలేదు. సిగ్నల్ సరిగా లేని రెండు మూడు ఊళ్లలో 60 చాలలేదు. 120 చేద్దామా అని ఒకరు అన్నారు. నేను వద్దన్నాను. ఎన్ని సెకండ్లు పెట్టినా అది ఊహే. సిగ్నల్ ఉన్న ఊళ్లో ఊరికే ఆగుతాం, లేని ఊళ్లో ఎంత ఆగినా సరిపోదు. పైగా పొద్దున్నే క్యాన్లు పట్టుకుని 10 మంది వరసలో నిలబడి ఉంటే రెండు నిమిషాల ఆలస్యం చిన్నది కాదు. గేదె పాలు పిండాక వాటికి గడువు మొదలైపోతుంది, కంప్యూటర్ కోసం అవి ఆగవు.

తర్వాత, ఒక్కసారి అడిగి ఊరుకోకుండా నడుస్తూ ఉండే ఎన్‌టీపీడీ అనే ప్రోగ్రామ్ పెట్టాం. ఇక్కడ తప్పు నాదే. స్టార్ట్ చేసే లైన్‌ను చేత్తో రాస్తూ "-జీ" అనే ఆప్షన్ వదిలేశాను. ఎన్‌టీపీడీకి ఒక హద్దు ఉంది. సర్వర్ టైమ్‌కు, తన టైమ్‌కు 1000 సెకండ్లకు మించి తేడా కనిపిస్తే, ఇదేదో పెద్ద తప్పు, మనిషే వచ్చి చూడాలి అని లాగ్‌లో రాసి ఆగిపోతుంది. రాత్రంతా ఆగిన బోర్డుకు తేడా 10 గంటలు, అంటే 36,000 సెకండ్లు. కాబట్టి ప్రతి పొద్దునా మొదటి జవాబు రాగానే ఎన్‌టీపీడీ తనంతట తాను ఆగిపోయేది. మొదటి ఒక్కసారి ఎంత తేడా ఉన్నా ఒప్పుకోమని చెప్పేదే ఆ "-జీ".

అది పెట్టాక టైమ్ సరవుతోంది, కానీ కొత్త తలనొప్పి మొదలైంది. పాల ప్రోగ్రామ్ ముందే లేచి కూర్చుంటోంది, టైమ్ తర్వాత వస్తోంది. ఒక కేంద్రంలో మొదటి ఆరుగురికి 14 సాయంత్రం అని స్లిప్ వచ్చింది, ఏడో మనిషి నుంచి 15 ఉదయం అని వచ్చింది. ఆ ఆరుగురి ముందురోజు పాలు చెరిగిపోయాయి. అప్పటిదాకా ఒక కేంద్రంలో అందరికీ ఒకేలా జరిగే తప్పు ఇప్పుడు ముందు వచ్చిన వాళ్లకు మాత్రమే జరగడం మొదలైంది. ఇది పట్టుకోవడం ఇంకా కష్టం.

నా ఆలోచన మారింది ఇక్కడే. అప్పటిదాకా "టైమ్ ఎంత త్వరగా తెచ్చుకోవాలి" అని చూస్తున్నాను. అసలు అడగాల్సింది "టైమ్ తెలియని ఆ నిమిషం రెండు నిమిషాల్లో ఈ బోర్డు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు" అని.

మధ్యలో ఇంకో రెండు దారులు ప్రయత్నించాం. మా సర్వర్‌కు రోజూ డేటా పంపేది హెచ్‌టీటీపీఎస్ (వెబ్‌సైట్లకు వాడే సురక్షితమైన దారి) మీదే కాబట్టి, దాని జవాబులో వచ్చే తేదీనే తీసుకుంటే చాలు కదా అని ఒక సహోద్యోగి అన్నాడు. సెకండు దాకా సరిపోతుంది, మాకు అంతకంటే అక్కర్లేదు. చాలా కేంద్రాల్లో పనిచేసింది కూడా. ఏదో గొడవ వల్ల మూడు నెలలు మూతపడి తెరిచిన ఒక కేంద్రంలో చిక్కింది. ఆ బోర్డు దృష్టిలో అది మూడు నెలల కిందటి సాయంత్రం. మా సర్వర్ తన సర్టిఫికెట్‌ను, అంటే తాను నిజంగా మా సర్వరేనని చూపే పత్రాన్ని, 90 రోజులకు ఒకసారి కొత్తది వేసుకునేది. బోర్డు ఆ కొత్త సర్టిఫికెట్ చూసి, దీని గడువు ఇంకా మొదలే కాలేదు అని తలుపు మూసేసింది. సర్టిఫికెట్‌ను నమ్మాలంటే టైమ్ కావాలి, టైమ్ కావాలంటే సర్టిఫికెట్‌ను నమ్మాలి. సర్టిఫికెట్ చెక్ తీసేస్తే సరి అనే మాట వచ్చింది. రైతుల డబ్బు లెక్క వెళ్లే దారిలో ఆ పని చేయడానికి నేను ఒప్పుకోలేదు.

రెండోది బ్యాటరీ గడియారం. డీఎస్3231 అనే చిన్న చిప్ ఉన్న మాడ్యూల్‌ను బోర్డు పిన్నులకు తగిలించొచ్చు. మామూలు గది వేడిలో దాని తేడా 10 లక్షలకు 2 పాళ్లు, అంటే ఏడాదికి ఒక నిమిషం చొప్పున. మాకు అది బోలెడు. అయిదు కేంద్రాల్లో పెట్టి చూశాం. రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, మాడ్యూల్ తగిలించి వదిలేస్తే బోర్డు దాన్ని చదవదు. కాన్ఫిగ్‌లో దాని పేరు చెప్పాలి, ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్‌ను తీసేయాలి, గడియారం కనిపించగానే టైమ్ చదివించే స్క్రిప్ట్‌లో "సిస్టమ్‌డీ ఉంటే ఇక్కడే వెనక్కి వెళ్లిపో" అనే మూడు లైన్లను ఆపాలి. మా కుర్రాడు ఆ మూడు లైన్లు మరిచిపోయాడు, నాకు ఒక రోజు పోయింది. రెండోది ఇంకా ముఖ్యం. ఒక మాడ్యూల్‌కు టైమ్ పెట్టింది నెట్ లేని బల్ల మీద. బోర్డుకు ఆ సమయంలో ఉన్న తప్పు టైమ్‌నే అందులో రాసేశారు. ఆ తప్పును అది ఒక్క సెకండు అటూ ఇటూ కాకుండా రెండు వారాలు మోసింది.

చివరికి కుదిరింది

అన్ని కేంద్రాల్లోనూ ఎన్‌టీపీడీ తీసేసి, అదే పని చేసే క్రోనీ అనే ప్రోగ్రామ్ పెట్టాం. కారణం, అది అప్పుడప్పుడు మాత్రమే నెట్ ఉండే యంత్రాలకు బాగా సరిపోతుంది. నెట్ రాకముందే లేచినా ఊరికే కూర్చోదు, సర్వర్ పేరు విప్పలేకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. సర్వర్లుగా కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల సమయ్ సర్వర్లు, మన దేశపు ప్రామాణిక కాలాన్ని చూసుకునే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్, వాటితో పాటు మా సొంత సర్వర్ పెట్టాం. మొత్తం నాలుగు. ఒక్కటే ఉంటే అది అబద్ధం చెప్పినా తెలియదు. రెండు ఉండి రెండూ వేరు వేరు చెబితే ఏది నిజమో తేల్చలేం. మూడు, నాలుగు ఉంటే తప్పు చెప్పేది విడిగా కనబడిపోతుంది. ప్రతిదానికీ "ఐబర్స్ట్" పెట్టాం. మామూలుగా నిమిషానికోసారి అడిగేది, మొదట్లో మాత్రం రెండేసి సెకండ్ల ఎడంలో నాలుగుసార్లు అడిగేస్తుంది.

ఆ అడగడంలో జరిగేది చిన్న లెక్క. బోర్డు తన టైమ్ రాసి పంపుతుంది. సర్వర్ అందుకున్న టైమ్, తిరిగి పంపిన టైమ్ రాస్తుంది. బోర్డు జవాబు అందుకున్న టైమ్ రాసుకుంటుంది. ఈ నాలుగు అంకెలతో దారిలో ఎంతసేపు పోయిందో, తన గడియారం ఎంత తప్పో తేలుతుంది. వెళ్లే దారీ వచ్చే దారీ సమానం అనుకునే ఈ లెక్క వేస్తారు. 4జీలో అవి సమానంగా ఉండవు. మా ఊళ్లలో పోయి రావడానికి 300 మిల్లీసెకండ్లు పట్టినా, ఎంత అసమానంగా ఉన్నా తప్పు 150కి మించదు. బ్యాంకు షేర్ల లావాదేవీలకు అది చాలదు. పాలకు చాలు. మాకు ఎంత ఖచ్చితత్వం కావాలో ముందే తేల్చుకున్నాం, ఒక సెకండు. అందుకే జీపీఎస్ రిసీవర్ల మాట వచ్చినప్పుడు వద్దనుకున్నాం.

ఎక్కువసేపు ఆలోచించింది "మేక్‌స్టెప్" దగ్గర. గడియారం తప్పు ఉన్నప్పుడు రెండు రకాలుగా సరిచేయొచ్చు. ఒక్కసారిగా గెంతించడం ఒకటి, కొంచెం వేగం పెంచో తగ్గించో మెల్లగా దారిలోకి తేవడం ఇంకొకటి. 10 గంటల తేడాను మెల్లగా సరిచేయడం జరిగే పని కాదు. అలాగని రోజంతా గెంతనిస్తే, పాలు పోస్తున్న మధ్యలో టైమ్ ముందుకో వెనక్కో గెంతొచ్చు. మేము పెట్టింది "మేక్‌స్టెప్ 1 3": ఒక సెకండు కంటే తేడా ఉంటే గెంతు, కానీ మొదటి మూడు సవరణల్లో మాత్రమే. ఇక్కడ లెక్కపెట్టేది నిమిషాలను కాదు, సవరణలను. డాంగిల్ పది నిమిషాల తర్వాత లేచినా గెంతే అవకాశం అలాగే ఉంటుంది. మా పరిస్థితికి ఇది అచ్చంగా సరిపోయింది.

తర్వాత పాల ప్రోగ్రామ్‌ను వెంటనే లేవనివ్వకుండా, క్రోనీ "సరైంది" అనేదాకా ఆపాం. రెండేసి సెకండ్లకోసారి అడుగుతుంది, 45 సార్లు, అంటే ఎక్కువలో ఎక్కువ 90 సెకండ్లు. ఆలోగా టైమ్ వస్తే మామూలుగా మొదలవుతుంది. చాలా కేంద్రాల్లో 50 సెకండ్లలోపే వస్తోంది.

రాకపోతే? ఈ ప్రశ్న మీద మా ఆఫీసులో రెండు రోజులు వాదన నడిచింది. టైమ్ లేకుండా ఒక్క స్లిప్ కూడా కొట్టొద్దు అని కొందరు. నేను ఒప్పుకోలేదు. సిగ్నల్ లేని పొద్దున పాలు తీసుకోకపోతే నష్టపోయేది రైతు. 90 సెకండ్ల తర్వాత ప్రోగ్రామ్ మొదలవ్వాలి, కానీ తనకు టైమ్ తెలియదని ఒప్పుకుంటూ మొదలవ్వాలి. అప్పుడు స్క్రీన్ మీద "ఉదయమా, సాయంత్రమా?" అని సెక్రటరీని అడుగుతుంది. స్లిప్ మీద గంట వేయదు, ఒక నక్షత్రం గుర్తు, వరస నంబరు, పూట మాత్రం వేస్తుంది. లోపల ప్రతి ఎంట్రీకి బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని సెకండ్లు గడిచాయో రాసుకుంటుంది. లైనక్స్‌లో ఆ లెక్క విడిగా ఉంటుంది, గోడ గడియారం గెంతినా అది గెంతదు. టైమ్ దొరికిన క్షణాన వెనక్కి లెక్క కడుతుంది: ఆన్ అయ్యి 1,900 సెకండ్లప్పుడు టైమ్ 5.52 అని తెలిస్తే, 700 సెకండ్లప్పుడు పడిన ఎంట్రీ 5.32ది. బోర్డు మధ్యలో ఆగి మళ్లీ ఆన్ అయితే ఈ లెక్క కలవదు కాబట్టి ప్రతి ఎంట్రీతో పాటు ఆ బూట్‌కు లైనక్స్ ఇచ్చే గుర్తింపు సంఖ్య కూడా రాసుకుంటాం.

డూప్లికేట్ నియమం కూడా మార్చాం. ఇప్పుడు పాత ఎంట్రీ తనంతట తాను పోదు. రెండూ ఉంటాయి, ఏది ఉంచాలో సెక్రటరీ చెప్పాలి, ఆ చెప్పినట్టు కూడా రికార్డు ఉంటుంది.

బ్యాటరీ గడియారాలను కూడా వదల్లేదు. సిగ్నల్ తరచూ పోయే ఊళ్లకు అవే దిక్కు. అయితే ఇప్పుడు వాటికి మనిషి చేత్తో టైమ్ పెట్టడు. క్రోనీలో "ఆర్‌టీసీసింక్" పెడితే, నెట్ టైమ్ కుదిరాక లైనక్స్ మూలభాగమైన కెర్నల్ 11 నిమిషాలకోసారి ఆ చిప్‌లో తనే రాస్తుంది. నెట్ ఒక్కసారైనా కుదరని మాడ్యూల్ చెప్పిన టైమ్‌ను నమ్మం, అది కూడా నక్షత్రం కిందే లెక్క.

ఒక్క కేంద్రం మాత్రం ఇంకా సతాయించింది. అక్కడ డాంగిల్ కాకుండా పక్క ఆఫీసు వైఫై వాడుతున్నారు. నెట్ ఉంది, డేటా వెళ్తోంది, టైమ్ మాత్రం రాదు. నెట్ మీద టైమ్ అడిగే పద్ధతి, ఎన్‌టీపీ, నడిచేది యూడీపీ 123వ పోర్టు మీద. ఆ వైఫై రూటర్‌లో దాన్ని మూసేశారు. తెరిపించడానికి మాకు అధికారం లేదు. మా సొంత సర్వర్‌లో ఇంకో పోర్టుకు వచ్చే ప్రశ్నలు కూడా క్రోనీకే చేరేలా పెట్టి, ఈ కేంద్రంలో సర్వర్ లైన్ చివర ఆ పోర్టు నంబరు రాశాం. పది నిమిషాల పని. కానీ కారణం ఇదని తేలడానికి మూడు సార్లు ఆ ఊరు వెళ్లాల్సి వచ్చింది. నెట్ వస్తోంది కదా, టైమ్ కూడా వస్తుందిలే అనుకోవడం వల్ల.

నేర్చుకున్నవి

ఎర్రర్లు పారబోసే లైన్ ఎక్కడ కనిపించినా ముందు దాన్ని తీసేస్తున్నాను. ఈ కేసులో నెలల తరబడి, టైమ్ అందని ప్రతి ఉదయం బోర్డు తనకు టైమ్ రాలేదని చెబుతూనే ఉంది, మేము వినకుండా చేసిపెట్టాం.

పరీక్షలు ఇప్పుడు ఆఫీసు కేబుల్ మీద చేయడం లేదు. డాంగిల్ గుచ్చి, స్విచ్ దగ్గరే కట్టేసి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున ఆన్ చేసి చూస్తాం. అరగంట ఆపి ఆన్ చేసే పరీక్షలో 1000 సెకండ్ల హద్దు దాటుతుంది కానీ పూట మారదు, తేదీ మారదు. అసలు తప్పు కనబడాలంటే రాత్రి గడవాలి. మూడు నెలల మూతను కూడా పరీక్షిస్తున్నాం, దానికి నిజంగా మూడు నెలలు ఆగక్కర్లేదు, ఆ టైమ్ ఫైల్‌లో పాత తేదీ రాసి ఆన్ చేస్తే చాలు.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే, సర్వర్లు ఏవి పెట్టాలి అనేదానికంటే ముందు, ప్రోగ్రామ్ టైమ్‌ను దేనికి వాడుతోందో చూడమంటాను. స్లిప్ మీద అచ్చువేయడానికే అయితే చిన్న తప్పు చిన్నదే. ఎవరి పాలు ఉంచాలి, ఎవరివి తీసేయాలి అన్నది టైమ్‌ను బట్టి తేలుస్తుంటే, అదే తప్పు డబ్బును తినేస్తుంది.

పాత లెక్కలు

కొత్త ఏర్పాటు నడిచాక పోయిన పాల సంగతి మిగిలింది. టైమ్ తప్పిన ఎంట్రీలు ఏవో సర్వర్‌ను చూసి చెప్పలేం, తేదీలన్నీ నమ్మేలాగే ఉన్నాయి. ఇక్కడ ఆ పద్దెనిమిదో నిమిషమే పనికొచ్చింది. ప్రోగ్రామ్ 18వ నిమిషంలో మొదలైన బూట్‌లన్నీ వెతికి, వాటిలో పడిన స్లిప్ నంబర్లు తీశాం. చెరిగిపోయిన ఎంట్రీలు సర్వర్‌లో లేకపోయినా ప్రింటర్ లాగ్‌లో ఉన్నాయి. ఆ లీటర్లను ఆయా పూటల ట్యాంకర్ తూకంతో సరిపోల్చాం. ట్యాంకర్‌కు ఎక్కిన పాలు ఎక్కువ, రైతుల ఎంట్రీలు కలిపితే తక్కువ. ఆ తేడా చెరిగిన స్లిప్పుల మొత్తానికి దగ్గరగా వచ్చింది. కొన్ని కేంద్రాల్లో మెమరీ కార్డు మార్చడంతో ప్రింటర్ లాగ్ పోయింది. అక్కడ రైతుల దగ్గర ఉన్న స్లిప్పులే ఆధారం, స్లిప్ దాచుకోని వాళ్ల పాలు తిరిగి రాలేదు.

తర్వాతి బిల్లులో బకాయి అని ఒక లైన్ వేసి ఇచ్చారు. ఆమె మళ్లీ అదే కవర్ తెచ్చింది. బిల్లు మీది 4.2 లీటర్లను, తన దగ్గరున్న 311వ నంబరు స్లిప్‌ను సెక్రటరీ చేత పక్కపక్కన పెట్టించి చూసుకుంది. రెండూ ఒకటేనని అతను చదివి చెప్పాక స్లిప్‌ను మళ్లీ మడిచి కవర్‌లోనే పెట్టుకుంది.